అక్రోటు కొయ్యలో రైఫిల్ చరిత్ర

పాత బ్రిటిష్ వేట రైఫిల్ కనబడితే అందరి చూపూ ముందు గొట్టం మీదికి, దాని మీద చెక్కిన కంపెనీ పేరు మీదికి పోతుంది. నేను ముందు కొయ్యను చూస్తాను. మాది వడ్రంగుల కుటుంబం. బర్మింగ్‌హామ్‌లో పాత ఫర్నిచర్ బాగుచెయ్యడం నా వృత్తి. ఒకప్పుడు తుపాకీ పనివాళ్ళతో కిటకిటలాడిన స్టీల్‌హౌస్ లేన్ ప్రాంతం ఈ ఊళ్ళోదే. 1813లో చట్టం చేసి నెలకొల్పిన ప్రూఫ్ హౌస్ ఇప్పటికీ ఇక్కడే గొట్టాలను పరీక్షించి ముద్ర వేస్తోంది. పాత వేట రైఫిళ్ళ వేలానికి ముందు సరుకు చూపించే రోజుల్లో వెళ్ళి వాటిని చేతిలోకి తీసుకుని చూస్తుంటాను. ఇనుము సంగతి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొయ్య సంగతి నేను చెబుతాను.

చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే కొయ్య భాగాన్ని స్టాక్ అంటారు. దానికి వాడేది అక్రోటు కర్ర. ఇంగ్లండ్, ఫ్రాన్స్, కాకసస్ ప్రాంతాల నుంచి తెచ్చేవారు. చెట్టు మొదట్లో, వేళ్ళు విడిపోయే చోట కోసిన పలకల్లో నల్లటి చారలు మెలికలు తిరిగి ఉంటాయి. ఆ పలకలను ఏళ్ళ తరబడి ఆరబెట్టి, ఆ తర్వాతే ఉలి పట్టేవారు. పలక మీద గీత ఎలా గీశాడన్నదే పనివాడి తెలివికి పరీక్ష. చెయ్యి పట్టే సన్నని మెడ దగ్గర నార పొడుగునా తిన్నగా పోవాలి. అడ్డం తిరిగిందా, తూటా పేలిన అదురుకు కొయ్య అక్కడే చిట్లుతుంది. చారల అందమంతా భుజానికి ఆనే వెనక మడమలోకి రావాలి. బలం, అందం రెండూ ఒకే పలకలో దొరికేలా గీసినవాడే పనిమంతుడు.

ఆ తర్వాత ఇనుమును కొయ్యలో కూర్చోబెట్టాలి. ఇనుముకు దీపపు మసి పూసి, కొయ్యలో పెట్టి, తీసి చూస్తారు. మసి అంటిన చోట ఉలితో సన్నగా పొర తీస్తారు. మళ్ళీ మసి, మళ్ళీ ఉలి. ఇనుమంతా కొయ్యకు సమంగా ఆనేదాకా ఇదే పని. ఎక్కడ ఖాళీ మిగిలినా అదురంతా ఇంకోచోట పడి పగులు పుడుతుంది. చివరికి అవిసె నూనె చేత్తో రుద్ది, ఆరనిచ్చి, మళ్ళీ రుద్దుతారు.

ఆకారం సంగతి మరీ గొప్పది. కుడిచేతి వాటం మనిషికి చేసిన స్టాక్ కాస్త కుడివైపుకి ఒరిగి ఉంటుంది. రైఫిల్ భుజానికెత్తగానే, మెడ వంచే పని లేకుండా, కన్ను సైటుకు సరిగ్గా ఎదురు రావాలని ఆ ఏర్పాటు. ట్రిగ్గర్ నుంచి మడమ దాకా ఉండే పొడుగు సాధారణంగా 14 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది. ఆ తేడా కొనేవాడి చేతుల పొడుగును బట్టే. చెమట పట్టిన చెయ్యి జారకుండా మెడ మీద గళ్ళు చెక్కుతారు. ముందు కొసకు గేదె కొమ్ము తొడుగుతారు. బెల్టు తగిలించే ముందు కొక్కేన్ని పెద్ద రైఫిళ్ళలో గొట్టానికే బిగిస్తారు, అదిరినప్పుడు ఎడమ చెయ్యి కోసుకుపోకుండా. వీటిలో సొగసు కోసమే పెట్టింది ఏదీ లేదు. అయినా ఇంత సొగసైన కొయ్యపని నేను ఫర్నిచర్‌లో తక్కువగా చూశాను.

ఒక రైఫిల్ ఎప్పటిదో, ఎవరిదో తేల్చడానికి ఆనవాళ్ళు చాలా ఉంటాయి. లండన్‌లోని పర్డీ తుపాకుల కంపెనీ 1880ల మొదట్లో ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నుంచి సౌత్ ఆడ్లీ స్ట్రీట్‌కు మారింది కాబట్టి, గొట్టం మీది చిరునామాయే కాలం చెబుతుంది. అంగుళాల్లో చెప్పే గొట్టం కొలతలో మన దేశపు చరిత్రే ఉంది. తిరుగుబాట్ల భయంతో బ్రిటిష్ ప్రభుత్వం 1900ల తొలి దశకంలో .450 రైఫిళ్ళను ఇండియాలోకి రానివ్వకుండా నిషేధించింది. దానికి బదులుగా లండన్ కంపెనీలు .465, .470 కొలతలు తయారు చేశాయి. అన్నిటికన్నా గట్టి ఆధారం కంపెనీ లెడ్జర్. రైఫిల్ నంబరు చెబితే ఎవరికి ఎప్పుడు అమ్మారో అందులో దొరుకుతుంది.

ఆధారాలన్నీ కలిపి చదవాలనడానికి పేరుమోసిన వేటగాడు, రచయిత జిమ్ కార్బెట్ దగ్గరున్న, రిగ్బీ కంపెనీ చేసిన .275 రైఫిల్‌ను మించిన ఉదాహరణ లేదు. 436 మందిని పొట్టన పెట్టుకున్నదని చెప్పే చంపావత్ ఆడపులిని ఆయన 1907లో చంపారు. అందుకు మెచ్చి యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూవెట్ ఈ రైఫిల్‌ను బహూకరించారు. ఆ సంగతి చెక్కిన రేకు స్టాక్‌కే బిగించి ఉంది. రేకు చదివినవాళ్ళు పులిని చంపింది ఈ రైఫిలే అనుకుంటారు. కాదు. ఆ రోజు కార్బెట్ చేతిలో ఉన్నది .500 రైఫిల్. చివరి దెబ్బ తహసీల్దారు దగ్గర తీసుకున్న తుపాకీతో కొట్టానని ఆయనే రాశారు. ఈ .275 ఆ తర్వాత వచ్చిన బహుమతి. 1926లో మనుషుల్ని తినే రుద్రప్రయాగ చిరుతను చంపింది మాత్రం దీనితోనే. కార్బెట్ తర్వాత అది ఆయన పుస్తకాలు వేసిన ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్‌కు చేరింది. 2015లో మళ్ళీ రిగ్బీ కంపెనీయే తీసుకుంది. ఆ రేకునూ, దాని చుట్టూ ఉన్న కొయ్యనూ ఎవరూ ముట్టుకోకపోవడం వల్లే ఈ కథంతా నిలిచింది.

ముట్టుకుంటే ఏమవుతుందో కొయ్యే చెబుతుంది. కొత్తలో ఇనుము అంచు కన్నా కొయ్య వెంట్రుకవాసి ఎత్తులో ఉంటుంది. గరుకు కాగితం పెట్టి రుద్దితే కిందికి దిగిపోతుంది. గళ్ళు మొద్దుబారతాయి, పేరు పొడి అక్షరాలు చెరిగిపోతాయి. మీద వార్నిష్ ఎంత మెరిసినా పోయిన కొయ్య తిరిగి రాదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి, తర్వాతి సవరణలతో మన దేశంలో వేటకు తలుపు మూసింది. అది మంచి పని, తెరవకూడని తలుపు. కానీ ఆ రైఫిళ్ళు చేసిన పనివాళ్ళ నేర్పు గౌరవించదగ్గదే. సంస్థానాల, జమీందారుల వారసులెవరి ఇంట్లోనైనా లైసెన్సుతో అలాంటి రైఫిల్ ఉంటే నాదొక మనవి. దాన్ని పాలిష్‌కు ఇవ్వకండి. నంబరు రాసుకుని తయారు చేసిన కంపెనీకి ఉత్తరం రాయండి. పాత రసీదు, పెట్టె, ఫొటో ఏది దొరికినా దానితో కలిపి ఉంచండి. తాతగారి చెంప ఆనిన చోట కొయ్య నునుపుదేరి ఉంటే, ఆ నునుపును అలాగే ఉండనివ్వండి.