జమీన్ మారినా జబాన్ నిలిచింది: యూనిక్స్ సఫర్

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పాత భూమి కాగితాలు దాచుకున్న ప్రతి ఖాందాన్‌కూ ఒక సంగతి తెలుసు. నిజాం జమానాలో దఫ్తర్ భాష మొదట ఫారసీ. 1880ల్లో ఉర్దూ అయింది. 1956 తర్వాత మెల్లగా తెలుగు అయింది. ఇన్ని మార్పులు జరిగినా పహాణీ, పట్టా, జమాబందీ, తహసీల్దార్ అనే మాటలు అలాగే నిలిచాయి. లోపల రాత మారింది, బయట రైతు అడిగే మాట మారలేదు. కంప్యూటర్ తారీఖ్‌లోనూ ఇలాంటి వాఖియా ఒకటి ఉంది. ఇంజనీరింగ్ చదివే మన పిల్లలతో పాటు వాలిదైన్‌కూ తెలియాలని రాస్తున్నాను.

ప్రాసెసర్ అంటే కంప్యూటర్ దిమాగ్. ఒక్కో రకం దిమాగ్‌ది ఒక్కో జబాన్. దానితో పని చేయించే మున్షీ ఆపరేటింగ్ సిస్టమ్. ఆ రోజుల్లో ఈ మున్షీని ఎక్కువగా ఆ మెషీన్ జబాన్‌లోనే రాసేవాళ్లు. మెషీన్ పాతబడితే మున్షీ కూడా దానితోనే దఫన్.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ యూనిక్స్‌ను పీడీపీ-7 అనే మెషీన్ జబాన్‌లోనే రాశాడు. పీడీపీ-11 వచ్చాక మళ్లీ రాయాల్సి వచ్చింది. తర్వాత డెనిస్ రిచీ సీ భాష తయారు చేశాడు. 1973లో యూనిక్స్ కెర్నల్‌ను సీలో తిరగరాశారు. సీలో రాసిన దాన్ని మెషీన్ జబాన్‌లోకి తర్జుమా చేసేది కంపైలర్. కొత్త మెషీన్ వస్తే ముందు ఈ ముతర్జిమ్‌కు కొత్త జబాన్ నేర్పాలి. మెమరీ, ఇంటరప్టులు, డిస్కు లాంటి ఆ మెషీన్‌కే ఖాస్ అయిన కొంత భాగం కొత్తగా రాయాలి. మిగతాదంతా దాదాపు అలాగే నడుస్తుంది. పోర్టింగ్ అంటే ఇదే.

1977లో ఆస్ట్రేలియాలోని వోలాంగాంగ్ యూనివర్సిటీలో రిచర్డ్ మిల్లర్ యూనిక్స్‌ను ఇంటర్‌డేటా 7/32 మీదికి తెచ్చాడు. దాదాపు అదే కాలంలో బెల్ ల్యాబ్స్‌లో రిచీ, స్టీఫెన్ జాన్సన్ ఇంటర్‌డేటా 8/32 మీద ఇదే పని చేశారు. పాత మెషీన్ 16 బిట్లది, కొత్తది 32 బిట్లది. పైగా బైట్లు పేర్చే వరుస ఉల్టా. ఒక వరుసలో రాసి ఇంకో వరుసలో చదివితే ‘యూ, ఎన్, ఐ, ఎక్స్’ అనే అక్షరాలు ‘ఎన్, యూ, ఎక్స్, ఐ’ అవుతాయి. ఈ ముష్కిల్‌కు ‘నక్సీ’ అనే పేరే పడింది. ఉర్దూ కుడి నుంచి, తెలుగు ఎడమ నుంచి రాసే మన ఇళ్లలో ఈ ఫర్క్ ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు.

1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఇంటెల్ 386 కోసం లినక్స్ రాశాడు. ఇది వేరే మెషీన్ల మీద నడవదని మొదట తనే చెప్పాడు. 1995 నాటికి అది ఆల్ఫా ప్రాసెసర్ మీద నడిచింది. ఇవాళ మన జేబులోని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆర్మ్ ప్రాసెసర్ మీద నడుస్తున్నది కూడా లినక్స్ కెర్నలే. మన పక్కనే ఐఐటీ మద్రాస్ వాళ్ల ‘శక్తి’ ప్రాసెసర్ మీద 2018లో లినక్స్ నడిచింది. లినక్స్ కోడ్‌లో ‘ఆర్చ్’ అనే ఫోల్డర్ ఉంటుంది. ఒక్కో ప్రాసెసర్‌కు ఖాస్ అయిన రాత అందులో వేరువేరుగా ఉంటుంది. ఆ కితాబ్ అందరికీ ఖులా, చదవడానికి ఫీజు లేదు.

ఈ హునర్ ఎవరికి దొరుకుతుంది? రెండు జబాన్లూ తెలిసినవాడికి. పాతది మాత్రమే తెలిస్తే కొత్త జమీన్ మీద నిలబడలేడు. కొత్తది మాత్రమే తెలిస్తే ఏది కాపాడాలో తెలియదు. ఉర్దూ చదవగలవాళ్లు తగ్గిన ఇళ్లలో దాదా పేరిట ఉన్న కాగితం సందూక్‌లో భద్రంగానే ఉంటుంది. కానీ అందులో హక్ ఏముందో చెప్పేవాళ్లు ఉండరు. అందుకే పిల్లలకు నేను చెప్పేది ఒకటే: సీ నేర్చుకోండి, ‘ఆర్చ్’ ఫోల్డర్ తెరిచి చూడండి, దాంతోపాటు ఇంట్లోని ఉర్దూనూ వదలకండి. తర్జుమా చేయగలవాళ్లు ఉన్నంతకాలమే అమానత్ ఒక జమానా నుంచి ఇంకో జమానాకు చేరుతుంది.