జల్లెడ పట్టిన అక్షరాలు

మన వంటిళ్ళల్లో తక్కువలో తక్కువ రెండు జల్లెళ్ళయినా ఉంటాయి. పిండి జల్లెడ ఒకటి, రవ్వ జల్లెడ ఒకటి. జల్లెడకి పిండి రుచి తెలీదు, తెలియనక్కర్లేదు కూడా. తన కన్నంలో పట్టేదాన్ని కిందికి వదుల్తుంది, పట్టనిదాన్ని పైనే ఉంచేస్తుంది. దాని జ్ఞానం అంతవరకే. ఆ కన్నం ఎంత ఉండాలో నిర్ణయించిన మనిషి మాత్రం వేరే ఉన్నాడు.

అక్షరాలకి కూడా ఇలాంటి జల్లెడ ఒకటుంది. కంప్యూటరు వాళ్ళు దాన్ని రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. ముద్దుపేరు రీజెక్స్. మీరు కంప్యూటరు మీదో, ఫోన్లోనో ఏ ఫారమో నింపుతుంటే “సరైన పిన్‌కోడ్ ఇవ్వండి” అని ఎర్రక్షరాలతో కసురుతుంది చూడండి, అది చాలాసార్లు ఇదే. 1972 ఆగస్టు 15 నుంచి మన ఉత్తరాల మీదికెక్కిన ఈ పిన్‌కోడుకి ఆరంకెలుంటాయి. సున్నాతో మొదలవదు. “ఒకటి నుంచి తొమ్మిది లోపు ఒక అంకె, దాని తరవాత ఏవైనా అయిదంకెలు” అని నాలుగు గుర్తుల్లో రాసిపెడితే, అదే జల్లెడ. ఆ ఊరు నిజంగా ఉందా లేదా అన్నది దానికి అనవసరం. రూపం సరిపోయిందా లేదా, అంతే!

చరిత్ర, సాహిత్యం చదువుకుని బి.ఏ. పాసైనదాన్ని నేను. ఈ గుర్తులు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కానీ వీటి వెనక కూడా ఓ చరిత్ర, అందులో మనుషులూ ఉన్నారని తెలిశాక మాత్రం ఊరుకోలేకపోయాను.

తమాషా ఏమిటంటే, ఈ కథ కంప్యూటర్లతో మొదలవలేదు. మనిషి మెదడుతో మొదలైంది. 1943లో అమెరికాలో వారెన్ మెకల్లక్ అనే నరాల శాస్త్రవేత్త, వాల్టర్ పిట్స్ అనే ఇరవయ్యేళ్ళ కుర్రాడు కలిసి, మెదడులోని నరకణాలు ఎలా ఆలోచిస్తాయో తర్కంతో చెప్పవచ్చునని ఒక వ్యాసం రాశారు. పిట్స్‌కి కాలేజీ చదువు సక్రమంగా సాగనే లేదు. 1951 వేసవిలో స్టీఫెన్ క్లీనీ అనే గణితజ్ఞుడు ఆ వ్యాసాన్ని ముందు పెట్టుకుని, అలాంటి కణాల వల ఎలాంటి వరసల్ని గుర్తుపట్టగలదు అని ప్రశ్న వేసుకున్నాడు. జవాబుగా దొరికిన వరసలకి “రెగ్యులర్” అని పేరు పెట్టాడు. పెట్టి, ఇంతకన్నా మంచి పేరు తోస్తే చెప్పండి అని వ్యాసంలోనే పాఠకుల్ని అడిగాడు కూడా. ఎవరూ చెప్పలేదు కాబోలు, అదే మిగిలిపోయింది. “ముందున్నది ఎన్నిసార్లయినా రావచ్చు, అసలు రాకపోయినా ఫరవాలేదు” అనడానికి ఆయన వాడిన నక్షత్రం గుర్తుని ఇప్పటికీ క్లీనీ నక్షత్రమనే అంటారు.

ఈ శాస్త్రానికి దగ్గర చుట్టమొకటి మన వాకిళ్ళలోనూ ఉంది సుమండీ! వరసల్నీ, నియమాల్నీ పరిశీలించే ఈ విద్యనే పట్టుకుని 1974లో మద్రాసులో గిఫ్ట్ సిరోమణి, ఆయన భార్య రాణీ సిరోమణి, కమలా కృతివాసన్ కలిసి ఒక పరిశోధన వ్యాసం ప్రకటించారు. దాని విషయం ఏమిటనుకున్నారు? కోలం. అంటే మన ముగ్గు! తమిళనాట ఆడవాళ్ళు వేసే చుక్కల ముగ్గులకి వ్యాకరణం ఉందనీ, దాన్ని నియమాలుగా రాయవచ్చుననీ చూపించారు. మన అమ్మమ్మలు తెల్లారుజామున వంగి చేసిన పని, పరిశోధన పత్రికకెక్కిందన్నమాట.

ఇక క్లీనీ నక్షత్రాన్ని కాగితం మీంచి యంత్రంలోకి దింపినవాడు కెన్ థాంప్సన్. బెల్ ప్రయోగశాలలో పనిచేసేవాడు. రాసిన దాంట్లో కావలసిన మాట వెతకడానికి ఈ జల్లెడని ఎలా వాడాలో 1968లో వ్యాసంగా ప్రకటించాడు. 1973 నాటికి గ్రెప్ అనే వెతుకుడు సాధనం తయారుచేశాడు. దాని వెనక ఓ సాహిత్య కారణం ఉందంటే మీరు సంతోషిస్తారు. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787, 88 సంవత్సరాల్లో ముగ్గురు పెద్దమనుషులు ఒకే కలం పేరుతో 85 వ్యాసాలు రాశారు. వాటిలో ఏది ఎవరిదన్న తగువు చాలా కాలం నడిచింది. థాంప్సన్ సహోద్యోగి లీ మెక్‌మాన్ ఆ వ్యాసాల్లోని మాటల్ని పరిశీలించాలనుకుంటే, అప్పుడున్న సాధనంలో అవి పట్టలేదట. ఆయన కోసం థాంప్సన్ ఒక్క రాత్రిలో గ్రెప్‌ని విడిగా చేసిచ్చాడని వాళ్ళ మిత్రుడు బ్రయన్ కెర్నిహన్ చెప్పాడు. ఒకప్పుడు మన వారపత్రికల్లో ఆడపేర్లతో నవలలు రాసిన మగవాళ్ళు గుర్తొచ్చి నేను నవ్వుకున్నాను. అదృష్టవంతులు, వాళ్ళ మీద ఎవరూ గ్రెప్ ప్రయోగించలేదు!

1987లో లారీ వాల్ పెర్ల్ అనే కంప్యూటరు భాషని విడుదల చేశాడు. ఆయన భాషాశాస్త్రం చదివినవాడు. లిపి లేని ఏదో భాషని వెతికి దానికి లిపి కల్పించాలని భార్యతో కలిసి ఆఫ్రికా వెళ్ళాలనుకున్నాడు గాని, ఆరోగ్యం అనుకూలించలేదు. ఆయన చేతిలో జల్లెడ పనితనం మహా పెరిగింది. 1995లో వచ్చిన జావాస్క్రిప్ట్ రెండేళ్ళకే దాన్ని తెచ్చుకుంది. కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజెల్ 1997లో పెర్ల్ తరహా జల్లెడని విడి సరుకుగా తయారుచేస్తే, పి.హెచ్.పి. అనే మరో వెబ్ భాష దాన్ని తీసుకుంది. అలా ఆ జల్లెడ ప్రపంచంలోని ఫారాలన్నిటికీ కాపలాదారైంది.

కాపలా తప్పితే ఏమవుతుందో 2019 జూలై 2న తెలిసింది. క్లౌడ్‌ఫ్లేర్ అనే కంపెనీ కొత్తగా పెట్టిన ఒక్క రీజెక్స్‌లో “ఏదైనా, ఎన్నిసార్లయినా” అన్న మాట వెంటవెంటనే వచ్చింది. తాళంచెవుల గుత్తులు రెండిచ్చి, ఏ చెవికి ఏ చెవి జతో అన్నీ పెట్టి చూడమన్నట్టు, యంత్రాలు ముందుకీ వెనక్కీ తిరిగి తిరిగి సొమ్మసిల్లాయి. ప్రపంచమంతటా బోలెడు వెబ్‌సైట్లు 27 నిమిషాలు నిలిచిపోయాయి. ఇకమీద వెనక్కి తిరగని రకం జల్లెడకి మారతామని ఆ కంపెనీ చెప్పింది. 1968లో థాంప్సన్ చూపించింది ఆ వెనక్కి తిరగని దారే!

అయితే నన్ను నిద్రపోనివ్వనిది ఆ 27 నిమిషాలు కాదు. మన పేర్లు.

ఈ భాషల్లో “మాటలో వచ్చే అక్షరం” అనడానికి ఒక గుర్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలుగా దాని అర్థం ఇంగ్లీషు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, పదంకెలు, ఓ అడుగు గీత. మొత్తం 63. మన “అ” అందులో లేదు! మన అక్షరాలకి యూనికోడ్‌లో 1991లో మొదటి కూర్పులోనే చోటు దొరికింది. ఐనా జల్లెడకి అవి అక్షరాలు కావు. పి.హెచ్.పి.లోనైతే, యూనికోడ్ సంగతి వేరే గుర్తుతో చెప్పకపోతే అక్షరాన్ని అక్షరంగా కూడా చూడదు, బైట్లుగా ముక్కలు చేసి చూస్తుంది. “స్త్రీ” అన్న ఒక్క అక్షరం దానికి 18 ముక్కలు.

వెబ్ ప్రోగ్రాములు రాసే మా మేనకోడల్ని ఈ సంగతి అడిగాను. “ప్రపంచంలోని అక్షరాలన్నీ రానియ్యి అనే గుర్తు కూడా ఉంది అత్తా. కానీ అది పెట్టినా సరిపోదు. గుడీ, దీర్ఘమూ, పొల్లూ దాని లెక్కలో అక్షరాలు కావు, గుర్తులు” అంది. కాగితం మీద రాసి చూపించింది. ఆ జల్లెడలోంచి రమ వెళ్తుంది, కమల వెళ్తుంది, ఉమా వనజా... కాదు కాదు, దీర్ఘాలు తీసేస్తేనే సుమా... ఉమ, వనజ వెళ్తారు. సీత వెళ్ళదు, గుడి దీర్ఘం ఉంది కనక. రాధ వెళ్ళదు. లక్ష్మి సరేసరి. ఇంటిల్లిపాదీ లక్ష్మీదేవి రావాలని ముగ్గులు పెడతాం. ఆవిడ ఇక్కడ గుమ్మంలోనే ఆగిపోయింది!

ఇది చేసినవాళ్ళకి మన మీద కోపమేం లేదు. జల్లెడకి కన్నాలు పొడిచేటప్పుడు వాళ్ళ కళ్ళ ముందు లక్ష్మి లేదు, అంతే. ఉద్యోగానికో, స్కాలర్‌షిప్పుకో ఆఖరి రోజున ఫారం నింపే ఆడపిల్లకి మాత్రం “మీ పేరు చెల్లదు” అన్న ఎర్రక్షరాలు వేరేగా వినిపిస్తాయి. పుట్టినప్పుడు నాన్న బియ్యంలో రాసిన పేరు అది. దాన్ని చెల్లదనడానికి ఎవరికి హక్కుంది?

మందు మాత్రం చాలా చిన్నది. “అక్షరాలతో పాటు గుర్తుల్నీ రానియ్యి” అని ఒక్క ముక్క చేర్చాలి. 2018 నుంచి జావాస్క్రిప్ట్‌లో “తెలుగు లిపి” అని మన పేరు పెట్టి కూడా అడగవచ్చు. కావలసింది తెలివి కూడా కాదు, జల్లెడ పట్టేముందు ఎవరెవరు వస్తారో ఒక్కసారి తలుచుకోవడం. మీ ఇళ్ళల్లో ఈ ప్రోగ్రాములు రాసే పిల్లలుంటే, కాఫీ ఇచ్చేటప్పుడు నెమ్మదిగా అడగండి: “మీ ఫారంలోకి సీత రాగలదా నాన్నా?” అని.