రాతిలోని గుల్లలు పలుకు సాక్ష్యము

రాజమహేంద్రవరము చెంతనున్న కాతేరులోను, గోదావరికి పడమటనున్న పంగిడి, దుద్దుకూరు ప్రాంతములలోను నల్లరాయి కలదు. దానిని పగులగొట్టి రోడ్లకు కంకరగా వేయుదురు. ఆ నల్లరాతి క్రిందను, దాని పొరల నడుమను సున్నపురాయి కనబడును. అందులో నత్తగుల్లలు, చిప్పలు రాయియై నిలిచియున్నవి. సముద్రమునకు ఇంత దూరమున అవి యెట్లు చేరెను?

ఈ సంగతిని విచారించినవారిలో ఒక మిషనెరీ కలరు. స్కాట్లండు దేశస్థులైన స్టీఫెన్ హిస్లాప్ దొరగారు 1845లో నాగపురమునకు వచ్చి, సువార్త పనియు బడి పనియు చేయుచు, రాళ్లనుకూడ శ్రద్ధతో పరిశీలించిరి. నాగపురపు గుల్లలతోపాటు రాజమహేంద్రవరము వైపు దొరికిన గుల్లలనుగూర్చియు 1860లో ఒక వ్యాసము ప్రకటించిరి. 1863లో వరదనున్న యేరు దాటుచు మునిగి మరణించిరి.

ఒక్క గుల్లను చూచి తీర్పు చెప్పరాదు. మంచినీటి నత్తను నది సముద్రములోనికి కొట్టుకొని పోవచ్చును. ఏయే గుల్లలు ఒకచోట కలిసియున్నవో చూడవలెను. నల్లరాతి అడుగున టరిటెల్లా అను, మరవలె మెలిదిరిగిన పొడుగు గుల్లలు విస్తారముగా నున్నవి. అవి సముద్రజీవులవి. కాబట్టి అది ఒకప్పుడు సముద్రపు అడుగు.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట, కరగిన రాయి ప్రవాహమై వచ్చి ఆ నేలను కప్పెను. పడమటి కనుమల వైపునుండి దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చినదని 2008లో కొందరు శాస్త్రజ్ఞులు వ్రాసిరి. ఆ కాలముననే లోకమందంతట అనేక జీవజాతులు నశించెను.

అగ్ని చల్లారిన పిమ్మట నీరు మరల వచ్చెను, జీవులును వచ్చెను. అయితే అవి మునుపటి గుంపు కాదు. నది సముద్రములో కలియు చోటను, ఉప్పుకయ్యలలోను బ్రదుకు సెరిథియము జాతి గుల్లలును, వాటితో ఫైసా అను మంచినీటి నత్తలును అందు కలవు. నీరు మారెను గనుక కాపురమున్నవారును మారిరి. దానిమీద మరల నల్లరాయి పరచుకొనెను.

క్వారీలలో పనిచేయు సహోదరులారా, గుల్లలున్న రాయి దొరికినయెడల, అది ఏ పొరలోనిదో, నల్లరాతికి పైనో క్రిందో వ్రాసి, బడి ఉపాధ్యాయునికి చూపుడి. పొర తెలియని గుల్ల సగము మూగది. కంకరయైపోయిన తరువాత ఆ సాక్ష్యము ఎవరికిని మరల దొరకదు.