పాత పేపర్లు దాచిన ఊరు

వేటపాలెం అంటే చాలామందికి జీడిపప్పు గుర్తొస్తుంది. తెలుగు సాహిత్య పరిశోధకులకి మాత్రం సారస్వత నికేతనం గుర్తొస్తుంది. చీరాల పక్కన చేనేత ఊళ్లో, 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి, ఆయన మిత్రులు మొదలుపెట్టిన గ్రంథాలయం అది. 1929లో గాంధీ వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రని ఇప్పటికీ అక్కడ భద్రంగా ఉంచారు.

గాంధీ కర్రని ఎవరైనా దాస్తారు. నన్ను ఆశ్చర్యపరిచేది అక్కడి పాత పత్రికలు. దినపత్రిక అంటే మర్నాటికి పొట్లాలు కట్టే కాగితం. దాన్ని ఏళ్ల తరబడి బైండు చేయించి, చెదల నుంచి కాపాడారు. మా ఉద్యోగంలో సర్వర్ లాగ్స్ అని ఉంటాయి. మామూలు రోజుల్లో వాటి మొహం కూడా ఎవరూ చూడరు. ఏదైనా తేడా వచ్చిన రోజున, జరిగిందేమిటో చెప్పేవి అవే. ఏ లైను పనికొస్తుందో ముందే తెలీదు కాబట్టి అన్నీ ఉంచుతాం. వేటపాలెం వాళ్లు చేసింది అదే పని.

దాచకపోతే ఏమవుతుందో తెలంగాణవాళ్లకి బాగా తెలుసు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరన్న మాటకి జవాబుగా, సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తేవాల్సి వచ్చింది. కవులు లేక కాదు, వాళ్ల రాతలు ఒకచోట కనబడక. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లోనే మొదలైంది, నిజమే. కానీ సభ పెట్టుకోవాలన్నా ముందు సర్కారు అనుమతి కావాల్సిన రాజ్యంలో, పల్లె దాకా గ్రంథాలయం రావడం అంత తేలిక కాదు.

బాన్సువాడ దగ్గర మహమ్మద్ నగర్‌ని తీసుకోండి. పక్కనే నిజాంసాగర్. 1923లో పని మొదలై 1931లో పూర్తయిందని, ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ అని ఫోన్‌లో క్షణంలో దొరుకుతుంది. మంజీర నీళ్లు మొదటిసారి కాలవలోకి వచ్చిన రోజు ఇక్కడివాళ్లు ఏమనుకున్నారో, మునిగిన పొలాలవాళ్లు ఎటు పోయారో వెతకండి. అంత తేలిగ్గా దొరకదు. ఇంటర్నెట్‌లో ఉండాలంటే ముందు ఎక్కడో ఒక కాగితం మీద ఉండాలి. ఆ కాగితాన్ని ఎవరో ఒకరు దాచి ఉండాలి.

స్కాన్ చేసేస్తే చాలు కదా అని మావాళ్లు అంటారు. చెయ్యాల్సిందే. అయితే స్కానింగ్ చివరి మెట్టు. మొదటి మెట్టు ఆ ఊరివాళ్లే ఎక్కాలి.

మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. ఈసారి ఊరెళ్తే దగ్గర్లోని శాఖా గ్రంథాలయంలో అడగండి: పాత పేపర్లు ఏం చేస్తున్నారు? తూకానికి వేస్తున్నామంటే, కనీసం మీ ఊరి వార్తలున్న పేజీలైనా తీసి పెట్టించండి.