మోటార్‌హోం ఎన్నాళ్లు మన్నుతుంది? ఇంజిన్ కంటే గోడలే ముఖ్యం

అమెరికాలో పదేళ్లు వాడిన మోటార్‌హోంను పరీక్షిస్తే ఇంజిన్ చాలాసార్లు భేషుగ్గా ఉంటుంది. ఏడాదిలో కొన్ని వారాలే రోడ్డెక్కే బండి కాబట్టి అది పెద్దగా అరగదు. ముందు పాడయ్యేది దాని మీద కట్టిన ఇల్లు. కప్పులోంచి చెమ్మ దిగి, గోడలోపలి చెక్క కుళ్లి, నేల మెత్తబడిందంటే రిపేరు ఖర్చు ఒక్కోసారి బండి విలువనే దాటిపోతుంది. సెలవుల్లో ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ యాత్రలకు వీటిని అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలు అక్కడ ఉన్నాయి. అద్దెతో ఆగకుండా సొంతానికి కొనాలనుకునేవారు సోఫా, టీవీ చూసి మురిసిపోయే ముందు ఆ ఇల్లు ఎలా కట్టారో తెలుసుకోవాలి.

ఒక బండి, ఇద్దరు తయారీదారులు

మోటార్‌హోంలో ఛాసిస్, ఇంజిన్ ఒకరివి. ఫోర్డ్, మెర్సిడెస్, ఫ్రైట్‌లైనర్ లాంటి కంపెనీలు వాటిని ఇస్తాయి. మీద ఇల్లు కట్టేది వేరే కంపెనీ. అమెరికాలో ఈ పనికి పెద్ద కేంద్రం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ కౌంటీ. అందుకే వారంటీలు కూడా విడివిడిగా ఉంటాయి. ఇంజిన్‌కు ఉన్న హామీ గోడలకు వర్తించదు.

వీటిని మూడు తరగతులుగా చెబుతారు. క్లాస్ ఏ అంటే ఖాళీ ఛాసిస్ మీద బస్సులా కట్టిన పెద్ద బండి. క్లాస్ బి అంటే ఫ్యాక్టరీ స్టీలు వ్యాన్‌నే లోపల ఇల్లుగా మార్చినది. క్లాస్ సి అంటే వ్యాన్ లేదా ట్రక్కు క్యాబిన్ వెనుక పెట్టె కట్టి, డ్రైవర్ తలపైన మంచం అమర్చినది. క్లాస్ బిలో అతుకులు తక్కువ కాబట్టి నీళ్లు చేరే దారులూ తక్కువే. తుప్పును మాత్రం గమనించాలి. క్లాస్ సిలో తలపైన ముందుకు పొడుచుకొచ్చిన మంచం భాగం ఎదురుగాలిని, వానను నేరుగా తట్టుకుంటుంది. లీకేజీ కోసం మొదట చూడాల్సిన చోటు అదే.

గోడ లోపల ఏముంది?

పాత పద్ధతిలో చెక్క ఫ్రేము కట్టి, మధ్యలో ఇన్సులేషన్ నింపి, పైన పలుచని అల్యూమినియం రేకు బిగిస్తారు. ఇది చవక. పాడైన భాగాన్ని విప్పి మార్చడమూ తేలికే. కానీ రేకు వెనక నీళ్లు చేరితే చెక్క కుళ్లిపోయేదాకా బయటికి తెలియదు.

ఇప్పుడు ఎక్కువగా కనిపించేది లామినేటెడ్ గోడ. అల్యూమినియం ఫ్రేము, ఫోము, పలుచని ప్లైవుడ్, పైన ఫైబర్‌గ్లాస్ పొర అన్నీ జిగురుతో ఒక్కటిగా అతికిస్తారు. చూడటానికి నున్నగా ఉంటుంది, బరువు తక్కువ. నీళ్లు లోపలికి పోతే మాత్రం ప్లైవుడ్ ఉబ్బి, జిగురు వదిలి, ఫైబర్‌గ్లాస్ బుడగల్లా లేస్తుంది. దీన్నే డీలామినేషన్ అంటారు. ఒకసారి మొదలైతే పై పూతలతో అది బాగుపడదు. అందుకే కొన్ని కంపెనీలు ప్లైవుడ్ బదులు నీళ్లు పీల్చని కాంపోజిట్ షీట్లు వాడుతున్నాయి. యూరప్‌లోనూ కొందరు తయారీదారులు గోడల్లోంచి చెక్కను తీసేసి ఫోము, ప్లాస్టిక్ పట్టీలు పెడుతున్నారు.

పైభాగం గట్టిగా ఉంటే చాలదు. 1930లలో మొదలైన ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్లు రివెట్లు కొట్టిన అల్యూమినియం పెంకుకు పేరు పొందాయి. అరవై, డెబ్బై ఏళ్ల నాటివి ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తాయి. వాటిని బాగుచేసే మెకానిక్‌లు ముందుగా చూసేది నేలలోని ప్లైవుడ్‌ను. పెంకు నిలిచినా అతుకుల్లోంచి దిగిన నీళ్లకు నేల కుళ్లడం వాటిలో మామూలే.

కదిలే ఇల్లు, కదిలే అతుకులు

గంటకు 60 మైళ్ల వేగంతో పోయే ఇంటికి ప్రతి గుంతా చిన్న భూకంపమే. కప్పు మీద ఏసీ, వెంట్లు, యాంటెన్నా, సోలార్ ప్యానెళ్ల కోసం పెట్టిన ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ ఉంటుంది. ఎండకు అది గట్టిపడుతుంది, కుదుపులకు చీలుతుంది. కప్పు రబ్బరు పొరదైనా, ఫైబర్‌గ్లాస్‌దైనా ఈ గొడవ తప్పదు. రబ్బరు కప్పుకు మామూలు సిలికాన్ పూయకూడదు. తర్వాత వేసే సరైన సీలెంట్ దాని మీద పట్టుకోదు.

బరువు కూడా మన్నికను తగ్గిస్తుంది. పక్కకు జరిగే స్లైడ్‌అవుట్ గదులు స్థలం ఇస్తాయి, కానీ బరువును, అతుకులను రెండింటినీ పెంచుతాయి. ఎంత సామాను మోయగలదో బండిలోని లేబుల్ మీద రాసి ఉంటుంది. నీళ్లు, మనుషులు, సామాను కలిసి దాన్ని మించితే టైర్లు, సస్పెన్షన్, ఫ్రేము అన్నీ దెబ్బతింటాయి. టైర్ల వయసు వాటి మీది చివరి నాలుగు అంకెల్లో ఉంటుంది. 2321 అంటే 2021లో 23వ వారం. గీతలు అరగకపోయినా పాత టైరు పేలొచ్చు.

ముద్ర ఏం చెబుతుంది, ఏం చెప్పదు

అమెరికాలో చాలా మోటార్‌హోంల తలుపు దగ్గర ఆర్‌వీ పరిశ్రమ సంఘం ముద్ర కనిపిస్తుంది. కరెంటు, గ్యాస్, ప్లంబింగ్, అగ్నిప్రమాద భద్రత ప్రమాణాలు పాటిస్తామని తయారీదారు ఇచ్చిన మాట అది. అతుకులు ఎంత శ్రద్ధగా వేశారో అది చెప్పదు. కొత్త బండి మాటిమాటికీ చెడిపోతే వినియోగదారుడిని కాపాడే లెమన్ చట్టాలు కూడా చాలా రాష్ట్రాల్లో ఛాసిస్, ఇంజిన్‌కే వర్తిస్తాయి. ఇంటి భాగం వాటి పరిధిలోకి రాదు. అంటే ముందు పాడయ్యే భాగానికే చట్టం అండ తక్కువ.

కరోనా కాలంలో గిరాకీ ఒక్కసారిగా పెరిగి, 2021లో ఆర్‌వీల సరఫరా 6 లక్షలు దాటింది. వీటిలో ట్రైలర్లే ఎక్కువ. ఏ ఫ్యాక్టరీలోనైనా తొందర పెరిగితే సీలెంట్ ఒక చోట తప్పిపోవడం పెద్ద విషయం కాదు. అలాంటి ఏడాది బండి కొనేటప్పుడు ఇంకాస్త నిదానంగా చూడాలి. బ్రిటన్‌లో చాలా కంపెనీలు చెమ్మకు ప్రత్యేక వారంటీ ఇస్తాయి. అది చెల్లాలంటే ఏటా చెమ్మ పరీక్ష చేయించి రికార్డు ఉంచుకోవాలి. సెకండ్ హ్యాండ్ కొనేవారు అక్కడ ముందుగా అడిగేది ఆ కాగితాలనే.

కొనేముందు చూడాల్సినవి

- బయటి గోడను పక్క నుంచి ఏటవాలు వెలుతురులో చూడాలి. అలలు, బుడగలు కనిపిస్తే జాగ్రత్త.
- కిటికీల కింద, అల్మరాల మూలల్లో, మంచం కింద చేత్తో నొక్కాలి. మెత్తదనం, మచ్చలు, బూజు వాసన లీకేజీ గుర్తులు.
- చెప్పులు విప్పి నేలంతా నడవాలి. బాత్రూం దగ్గర నేల కుంగకూడదు.
- కప్పు ఎక్కి సీలెంట్ చూడాలి. చెమ్మ మీటరుతో గోడలు కొలిపించాలి.
- అమ్మేవారితో సంబంధం లేని ఇన్‌స్పెక్టర్‌తో పరీక్ష చేయించాలి. పరిస్థితి బాగోలేదంటే ఆ ఫీజు ఖర్చు చేసి బయటపడటమే లాభం.

మన దేశంలో కారవాన్లు ఎక్కువగా మినీబస్సు, బస్సు ఛాసిస్‌ల మీద బాడీ బిల్డర్లు మార్చి కట్టినవే. మన ఎండ సీలెంట్‌ను త్వరగా ఎండబెడుతుంది, వర్షాకాలం ఆ చీలికలను వెతుక్కుంటుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు లోపలి డిజైన్ బొమ్మలతో పాటు గోడలో ఏ షీటు వేస్తారు, నేలకు ఏ ప్లైవుడ్ వాడతారు, కప్పు అతుకులకు ఎన్నేళ్ల హామీ ఇస్తారు అని రాతపూర్వకంగా అడగాలి. బండి ఇంటికి వచ్చాక ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకటి వానలకు ముందు, కప్పు అతుకులను పరీక్షించి అవసరమైన చోట సీలెంట్ వేయించాలి.