దస్తఖత్, దస్కతు, డెబిట్ కార్డు

మొన్న మా బేటీకి స్కాలర్‌షిప్ కోసం బ్యాంకు ఖాతా తెరిచాం. ఆధార్ తీసుకున్నారు, వేలు పెట్టించుకున్నారు, అరగంటలో పని ఖతం. కొన్నాళ్లకు పోస్టులో డెబిట్ కార్డు ఇంటికొచ్చింది. మేం అడగను కూడా లేదు. బేటీ కవరు చించి, కార్డు నా చేతిలో పెట్టి, మళ్లీ ఫోనులో పడిపోయింది. నేను మాత్రం ఆ కార్డు పట్టుకుని చాలాసేపు కూర్చున్నా.

ఎందుకంటే, 2003లో ఇదే అనంతపురంలో ఒక బ్యాంకు నాకు ఈ కార్డు ఇవ్వలేదు. కారణం నా దస్తఖత్ అని చెప్పారు. ఆ బ్యాంకు పేరు రాయను. ఆ కౌంటర్లో కూర్చున్నాయన మీద నాకు ఇప్పుడు గుస్సా లేదు. కానీ ఆ కారణం ఎక్కడి నుంచి వచ్చిందో ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నా. ఆ వెతుకులాటే ఈ తహ్రీర్.

అప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం. 2002 కరువు మా ఇంట్లోంచి ఇంకా పోలేదు. మా అబ్బా కదిరిలో టైలర్. చెనక్కాయ పండి రైతు చేతిలో పైసలు ఆడితేనే అబ్బా మిషన్ ఆడుతుంది. ఆ ఏడు రంజాన్‌కి కూడా కొత్త గుడ్డలు కుట్టించుకున్నవాళ్లు తక్కువ. అయినా అబ్బా నా కోసం కొంత రఖం దాచిపెట్టాడు. నాకు హైదరాబాదులో జర్నలిజం కోర్సులో సీటు వచ్చింది.

అప్పట్లో ఖాతా ఏ బ్రాంచిలో ఉంటే ఆ బ్రాంచికే పోయి డబ్బు తీసుకోవాలి. నా ఖాతా అనంతపురంలో. అది కూడా పాతూరు మసీదులో పరిచయమైన ఒక దుకాణదారు గవాహీ సంతకం పెడితే తెరిచింది. ఏటీఎం కార్డు ఉంటే హైదరాబాదులో తీసుకోవచ్చని కాలేజీలో ఎవరో చెప్పారు. పాస్‌బుక్ పట్టుకుని పోయా.

కౌంటర్లో ఆయన నా స్పెసిమెన్ కార్డు తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది నీ సంతకమేనా? అరబ్బీనా ఇది?"

"ఉర్దూ సార్."

"ఏదైతేనేం. వర్నాక్యులర్ సంతకానికి కార్డు ఇయ్యము. రేపు ఎవడన్నా నీ కార్డుతో డబ్బు తీస్తే మాకు చుట్టుకుంటుంది."

పదో తరగతి దాకా నాది ఉర్దూ మీడియం. డిగ్రీలో మాత్రం తెలుగు సాహిత్యం. ఉత్పలమాలకు గణవిభజన చేసే చెయ్యే నాది. అందుకే ధైర్యంగా అన్నాను: "సార్, నేను తెలుగు చదువుతున్నా. తెలుగులో చేస్తా."

ఆయన నవ్వాడు. "తెలుగు కూడా వర్నాక్యులరే గదప్పా. ఇంగ్లీషులో చెయ్యి. సంతకం మార్చినట్టు కాగితం రాసి తీసుకురా. మేనేజరు గారు చూస్తారు. ఇప్పటికైతే నీ దరఖాస్తు మంజూరు కాదు."

బయటికి వచ్చాను. నాలుగు రోజుల్లో ప్రయాణం. అమ్మీ నా బనియన్ లోపల జేబు కుట్టి, డబ్బు పెట్టి, పైన సూదిదారంతో మూసేసింది. కదిరి నుంచి హైదరాబాదు దాకా బస్సులో రాత్రంతా కన్ను మూయలేదు. పది నిమిషాలకోసారి ఛాతీ తడుముకున్నా.

చాలా ఏళ్ల తర్వాత తట్టిన సంగతి ఒకటి. ఏటీఎం మిషన్ ఎవరి దస్తఖతూ అడగదు. నాలుగు అంకెలు అడుగుతుంది. ఉర్దూలో సంతకం చేసేవాడైనా ఇంగ్లీషులో చేసేవాడైనా దాని ముందు బరాబర్. 1987లో బొంబాయిలో దేశంలోని మొదటి ఏటీఎం పెట్టినప్పటి నుంచీ అంతే. మిషన్‌కు లేని అనుమానం కౌంటర్లో ఎందుకు ఉంది?

ఆయన మాటే ఇంకోసారి చూడండి. "దరఖాస్తు మంజూరు కాదు." దరఖాస్తు ఫార్సీ. మంజూరు అరబ్బీ నుంచి ఫార్సీ, ఉర్దూల మీదుగా తెలుగుకు వచ్చింది. నన్ను తిప్పి పంపిన మాటలు కూడా మా ఇంటివే! జమ, ఖర్చు, బాకీ, వసూలు, కిస్తు, రసీదు, జామీను, ఖజానా, నకలు... తెలుగులో పైసల లెక్క చెప్పాలంటే ఈ మాటలు లేకుండా కుదరదు. మా తాత ముత్తాతలు 'దస్తఖత్' అంటే, పక్క వీధి రెడ్డిగారు 'దస్కతు' అన్నారు. దస్త్ అంటే చెయ్యి, ఖత్ అంటే రాత. చేతిరాత అని అర్థం.

ఈ మాటలు మన జిల్లాలో ఇంత లోతుగా దిగడానికి చరిత్ర ఉంది. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేశాడు. అందుకే దత్తమండలాలు అన్నారు. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో ఫార్సీ నేర్చినవాడు. మొదట అనంతపురంలోనే కచేరీ పెట్టాడు. 1807 దాకా ఉండి రైతువారీ పద్ధతికి ఇక్కడే పునాది వేశాడు. దొర మారాడు గానీ లెక్కల జుబాన్ మారలేదు. జమాబందీ, కిస్తు, తహసీల్దారు అలాగే ఉండిపోయాయి. కంపెనీ కోర్టుల్లోంచి ఫార్సీని తీసేసే చట్టం 1837లో వచ్చింది. ఆ తర్వాత కూడా కచేరీ తెలుగు అర్థం చేసుకోవడం ఎంత ముష్కిల్ అంటే, సి.పి. బ్రౌన్ తన పెద్ద నిఘంటువుతో ఆగకుండా 1854లో ఇలాంటి మాటల కోసమే విడిగా ఒక మిశ్రభాషా నిఘంటువు వేయాల్సి వచ్చింది. డిగ్రీలో ఆ పుస్తకం పేరు విన్నప్పుడు, తెలుగు క్లాసులో నాకూ ఒక కుర్చీ ఉందని అనిపించింది.

మనం పోగొట్టుకున్న రియాసత్‌లో అయితే ఉర్దూ బ్యాంకు భాష కూడా. హైదరాబాదు నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషు ఉండేవి. 1941లో హైదరాబాద్ స్టేట్ బ్యాంకు పుట్టింది. అప్పటికి అనంతపురం నూట నలభై ఏళ్లుగా మద్రాసు వైపు ఉంది. ఇక్కడ ఉర్దూ దుకాణంలో, దర్గాలో, ఇంట్లో మిగిలింది. కచేరీకి ఇంగ్లీషు వచ్చింది, దాని వెనకే బ్యాంకు వచ్చింది.

బ్యాంకు మామూలు మనుషుల దాకా రావడానికి ఇంకా టైం పట్టింది. 1923లో పట్టాభి సీతారామయ్య గారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. 1969 జూలై 19న పద్నాలుగు బ్యాంకులు, 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకుతో కలిపి మరో ఆరు సర్కారువి అయ్యాయి. ప్రతి జిల్లాకూ ఒక లీడ్ బ్యాంకు వచ్చింది. మన జిల్లాకు సిండికేట్ బ్యాంకు. చెనక్కాయ రైతుకు పంట రుణం అందింది. బ్యాంకు పల్లెకు వచ్చింది గానీ, పల్లె చేతిరాత మీద నమ్మకం మాత్రం దాంతో పాటు రాలేదు.

ఇక్కడ ఇన్సాఫ్‌గా ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను అనుకున్నది, ముసల్మాన్ అని ఇవ్వలేదని. అంత సీదా కాదు. ఇంగ్లీషులో కాకుండా వేరే లిపిలో సంతకం చేస్తే 'వర్నాక్యులర్ డిక్లరేషన్' అని అదనంగా ఒక కాగితం తీసుకోవడం మన బ్యాంకుల్లో పాత రివాజు. తెలుగులో సంతకం చేసే రైతూ దాని కింద నలిగాడు. వేలిముద్ర వేసే ముసలమ్మ మరీ నలిగింది. రిజర్వు బ్యాంకు అయితే చెక్కు హిందీలో, ఇంగ్లీషులో, లేదా ఆ ప్రాంతీయ భాషలో రాసుకోవచ్చనే అంటుంది. చూపు లేనివాళ్లకు కూడా చెక్‌బుక్, ఏటీఎం ఇవ్వకుండా బ్యాంకులు ఏళ్లకేళ్లు సతాయించాయి. వాళ్లు ఊరుకోలేదు, వికలాంగుల కమిషనర్ దాకా పోయారు. 2008 జూన్‌లో, అన్ని సౌకర్యాలూ వాళ్లకూ ఇవ్వాల్సిందేనని రిజర్వు బ్యాంకు ఆర్డరు వేసింది. అడిగినవాళ్లకు దొరికింది. నేను అడగలేదు. బయటికి వచ్చేశాను.

అట్లని మన తక్లీఫ్ అంతా లిపి గొడవే అనుకోవడం కూడా గలత్. 2006 నవంబరులో జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. ముస్లింలు ఎక్కువగా ఉండే కొన్ని ప్రాంతాలను కొన్ని బ్యాంకులు 'నెగెటివ్ జోన్'లుగా గుర్తు పెట్టుకున్నాయని అందులో రాశారు. ఆ ముక్క చదివిన రోజు నేను డెస్కులో వార్త రాస్తున్నా. చెయ్యి ఆగిపోయింది. మన వైపు నుంచి కూడా దూరం ఉంది. సూద్ భయంతో బ్యాంకు గడప తొక్కని బుజుర్గులు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు. మా నానీ పైసలన్నీ ట్రంకు పెట్టెలో, ఖురాన్ చుట్టే గుడ్డల కింద ఉండేవి. వాళ్లు రాకూడదనుకున్నారు, వీళ్లు రానివ్వకూడదనుకున్నారు. మధ్యలో మా తరం నిలబడింది.

తర్వాత కాలం మారింది. 2012లో రిజర్వు బ్యాంకు, మినిమం బ్యాలెన్సు లేని ఖాతాకూ ఉచితంగా కార్డు ఇవ్వాలంది. 2014 ఆగస్టు 28న జన్‌ధన్ మొదలై, ఖాతాతో పాటే రూపే కార్డు వచ్చింది. మా వీధిలో బీడీలు చుట్టే ఫాతిమాలకు, మగ్గం మీద కూర్చునే లక్ష్మమ్మలకు ఒకే రంగు కార్డు. 2022 మార్చిలో మన అసెంబ్లీ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండో అధికార భాష చేసింది.

కానీ నేను అప్పటిదాకా ఆగలేదు. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. కోర్సు అయిపోయాక జీతం ఖాతా తెరిచేటప్పుడు, ఎవరూ అడగకముందే, ఇంగ్లీషులో సంతకం చేశాను. వారంలో కార్డు వచ్చింది. సెలవుకి కదిరి పోయి అబ్బాకి ఖుషీగా చూపించా. అబ్బా కార్డు తిప్పి, వెనకాల తెల్లపట్టీ మీద నా సంతకం చూశాడు. తను నాకు పలక మీద నేర్పింది అది కాదు. ఏమీ అనలేదు. "అచ్ఛా హై బేటా" అని కార్డు తిరిగిచ్చి, మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు.

అబ్బా పోయి ఆరేళ్లయింది. ఆయన కొలతల పుస్తకం నా దగ్గరుంది. ప్రతి పేజీ కింద ఆయన దస్తఖత్. మా బేటీకి అది చదవడం రాదు. ఇంగ్లీషు మీడియం. తప్పు దానిది కాదు.

మొన్న కార్డు వచ్చిన రాత్రి దాన్ని పిలిచి ఐదువందల నోటు ఇచ్చా. "వెనకాల భాషల పట్టీ చూడు. పదిహేను వరసలున్నాయి. తెలుగు ఎక్కడుంది?" వెంటనే చూపించింది. కింద నుంచి రెండోది. "దాని కింద, అన్నిటికన్నా ఆఖరిది ఏది?" చాలాసేపు చూసింది. "ఇది దాదా రాతలా ఉంది" అంది.

ఆ రాత్రే అలిఫ్ మొదలుపెట్టాం. ఇప్పుడు బే దాకా వచ్చాం. మీ పిల్లల చేతికీ ఒక నోటిచ్చి అడిగి చూడండి.