గుర్రం పక్కన నడిచేటోళ్లు

పోయిన ఎపిసోడ్‌లో "ఆదివారం పొద్దున గుర్రాల దగ్గరికి పోతా" అని మాటల్లో అన్న. ఇగ అప్పటి నుంచి దుబాయ్, దోహా, రియాద్ నుంచి ఒకటే మెసేజ్‌లు: "వారమంతా సైట్ మీద చేసింది చాలదా? పైసా రాని పని ఎందుకన్నా?" జవాబు చెప్పాలంటే చరిత్ర కొంచెం చెప్పాలె. ఎపిసోడ్‌లో మాట్లాడింది ఇక్కడ సర్ది రాస్తున్న.

మాది జగిత్యాల దిక్కు. ఐటీఐ ఫిట్టర్ చేసిన, గల్ఫ్‌లో పదేండ్లున్న, ఇప్పుడు టొరంటో దగ్గర కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌ని. గుర్రమంటే నాకు పెండ్లి బరాత్ గుర్రం, మలక్‌పేట రేసులు, అంతే తెలుసు. ఇక్కడ ఒంటారియోలో హైస్కూల్ డిప్లొమా కావాలంటే పిల్లలు 40 గంటలు ఉచితంగా సమాజానికి పని చేయాలె. 1999 నుంచి ఉన్న రూల్ ఇది. మా బిడ్డ థెరప్యూటిక్ రైడింగ్ సెంటర్ ఎంచుకున్నది. కార్లో దింపొద్దామని పోయిన నేను కూడా ఆఖరికి అక్కడ పేరు రాయించుకున్న.

సంగతేందంటే, గుర్రం నడిచేటప్పుడు దాని వీపు ముందుకు వెనక్కు, అటు ఇటు, కొంచెం తిరుగుతూ కదులుతుంది. మనం నడిచేటప్పుడు మన నడుము కదిలేదీ దాదాపు ఇట్లనే. కాళ్లు పనిచేయని మనిషి గుర్రమెక్కితే, ఆ నడక ఒంటికి అందుతుంది. వీపు, నడుము కండరాలు తమంతట తామే సర్దుకుంటూ బ్యాలెన్స్ నేర్చుకుంటాయి. సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్లు, యాక్సిడెంట్లలో దెబ్బతిన్న పెద్దవాళ్లు వస్తారు.

దీన్ని లోకానికి చూపించింది డాక్టర్ కాదు, ఒక పోలియో మనిషి. డెన్మార్క్‌కు చెందిన లిస్ హార్టెల్‌కు 1944లో 23 ఏండ్ల వయసులో పోలియో వచ్చింది. అప్పుడామె గర్భవతి. మోకాళ్ల కింద కాళ్లు మళ్లీ పనిచేయలేదు. అయినా మళ్లీ గుర్రమెక్కడం మొదలుపెట్టింది. ఎక్కడానికి, దిగడానికి ఇంకొకరి సాయం కావాల్సిందే.

అప్పట్లో ఒలింపిక్స్ గుర్రప్పోటీలు మిలిటరీ ఆఫీసర్లకే. ఎంత పట్టింపంటే, 1948 లండన్ ఒలింపిక్స్‌లో డ్రెస్సాజ్ టీమ్ బంగారం గెలిచిన స్వీడన్ పతకాన్ని తర్వాత లాక్కున్నారు. కారణం? జట్టులోని యెనాల్ పెర్సన్ అసలు సార్జెంట్, ఆఫీసర్ కాదు. గుర్రాన్ని బాగా నడిపాడా లేదా అని కాదు, భుజం మీద పట్టీ ఏందని చూసిన్రు. ఈ సంగతి మన సైట్ల మీద పనిచేసేటోళ్లకు ఎక్కువ చెప్పనక్కర లేదు.

1952 హెల్సింకి నాటికి రూల్ మారింది. డ్రెస్సాజ్‌లో ఆడవాళ్లు, ఆఫీసర్లు కానివాళ్లు కూడా రావచ్చు. లిస్ హార్టెల్ జూబిలీ అనే గుర్రం మీద వచ్చి, మగవాళ్లతో పోటీపడి వెండి గెలిచింది. పోడియం ఎక్కడానికి ఆమెకు చేయందించింది బంగారం గెలిచిన స్వీడన్ రైడర్ ఆన్రీ సాంసీర్. 1956లో ఆమె మళ్లీ వెండి గెలిచింది. ఆమెను చూసినంక యూరప్‌లో, తర్వాత అమెరికా ఖండంలో ఇలాంటి సెంటర్లు పెరిగినయి.

కెనడాకు కూడా పోలియో బాధ తెలుసు. 1953లో ఇక్కడ సుమారు 9,000 మందికి వచ్చింది, 500 మంది దాకా చనిపోయారు. 1969లో డాక్టర్ రెనాడ్, జోసెఫ్ బావర్ కలిసి టొరంటోలో కార్డ్ అనే సంస్థ పెట్టారు. వికలాంగులకు గుర్రపుస్వారీ నేర్పే సంస్థ అది, ఇప్పటికీ నడుస్తోంది. 1980లో దేశం మొత్తానికి క్యాంట్రా అనే సంఘం వచ్చింది. బ్రిటిష్ కొలంబియాకు చెందిన లారెన్ బార్విక్ మీద పెద్ద గడ్డిమోపు పడి కాళ్లు చచ్చుబడినయి. 2008 పారాలింపిక్స్‌లో ఆమె గుర్రం మీదనే బంగారం గెలిచింది.

ఇగ లెక్కకు వద్దాం, సూపర్‌వైజర్‌ని కదా. కొత్తగా ఎక్కిన ఒక్క రైడర్‌కు ముగ్గురు మనుషులు కావాలె. ఒకరు గుర్రాన్ని పట్టి నడిపిస్తరు, ఇద్దరు చెరో పక్క నడుస్తరు. వాళ్లను సైడ్‌వాకర్ అంటరు. ఐదుగురు పిల్లల క్లాసుకు పదిహేను మంది! అంతమందికి కూలి ఎవరిస్తరు? అందుకే ఈ పనంతా వాలంటీర్ల మీద నడుస్తది. గుర్రాల అనుభవం లేకున్నా నేర్పిస్తరు. పోలీస్ చెక్ మాత్రం అడుగుతరు.

మొదటి రోజు నేను ఒక పిల్లగాని కాలు గట్టిగ పట్టుకుని నడిచిన. పడితే ఎట్ల అని భయం. సైట్ మీద హార్నెస్ లేకుండా ఎవర్నీ పైకి పంపని మనిషిని కదా! ఇన్‌స్ట్రక్టర్ ఆపి, "నువ్వు అంత పట్టుకుంటే వాడి వీపు పని ఎప్పుడు చేస్తుంది? చెయ్యి దగ్గర ఉంచు, అవసరమైతేనే పట్టుకో" అన్నది. చెయ్యి తీసిన. పిల్లగాడు ఊగిండు, సర్దుకున్నడు, నవ్విండు.

నాకు మా అన్న యాదికొచ్చిండు. ఆయనకు చిన్నప్పుడే పోలియో. సైకిల్ మీద బడికి తీసుకుపోయింది నేనే. ఎస్టీడీ బూతులు వికలాంగులకు ఇచ్చే కాలంలో ఆయనకొకటి వచ్చింది. ఊళ్లె గల్ఫ్ ఇండ్లన్నిటికీ ఫోన్ అక్కడికే. ఎవరి భర్త ఎప్పుడు మాట్లాడిండో ఆయనకే తెలుసు. నేను దుబాయ్ నుంచి చేసినా ఎత్తేది ఆయనే.

ఆ రాత్రి ఫోన్ చేసి గుర్రాల ముచ్చట చెప్పిన. అన్న కొంచెంసేపు ఊకున్నడు. తర్వాత అన్నడు: "నువ్వు మస్తు మోసినవ్ రా, కాదనను. కానీ బడి దగ్గర దింపేటోనివి, ఇంటి దగ్గర దింపేటోనివి. నడుమ చెరువు కట్ట మీద కూసోవాల్నని ఉండె నాకు. ఎన్నడన్నా అడిగినవా?"

అడగలే. ముప్పై ఏండ్లు సేవ చేసిన అనుకున్న. పోలియో మన దేశంలో పోయింది, చివరి కేసు 2011 జనవరిలో వచ్చింది. కానీ అప్పటి పోలియో మనుషులు మన ఇండ్లల్లో ఇంకా ఉన్నరు. గల్ఫ్ నుంచి నడుము విరిగి తిరిగొచ్చినోళ్లు కూడా ఉన్నరు. వాళ్లకు మనం పైసలు పంపుతం. ఏం కావాల్నో అడగం.

ఈసారి ఊరికి పోతే అన్నను చెరువు కట్ట మీదికి తీసుకుపోతా. ఎంతసేపు కూసుంటడో ఆయన ఇష్టం. మీ ఇంట్ల కూడా అట్ల ఎవరన్నా ఉంటే, ఈ ఎపిసోడ్ విన్నంక ఒకసారి ఫోన్ చేయుండ్రి. వాళ్లేమన్నరో నాకు రాయుండ్రి, వచ్చే వారం మాట్లాడుకుందాం.